మైకమ్మ చదివిన హెచ్చరిక

పురపాలక కార్యాలయంలో మేడమెట్లు ఎక్కగానే ఎడమ చేతివైపు ఒక చిన్న గది ఉంది. అందులో ఒక బల్ల, బల్ల మీద మైకు, గోడ వారగా ఆంప్లిఫయరు, నెత్తిన ఒక ఫ్యాను. ఫ్యాను తిరిగితే మైకులో గరగరమని వినిపిస్తుంది కాబట్టి మాట్లాడేటప్పుడు ఆపేయాలి. ఎండాకాలంలో ఆ గదిలోంచి బయటికొచ్చే మనిషి అప్పుడే తలారా నీళ్ళు పోసుకుని వచ్చినట్టు ఉండేది. ఆ మనిషినే ఊళ్ళో అందరూ మైకమ్మ అనేవారు.

వీధి స్తంభాలకు కట్టిన లౌడుస్పీకర్లన్నిటిలోనూ వినిపించేది ఆమె గొంతే. రేపు పొద్దున కుళాయి నీళ్ళు రావు, మార్కెట్ రోడ్డు తవ్వారు కాబట్టి చుట్టూ తిరిగి వెళ్ళండి, తప్పిపోయిన పిల్ల ఒకతె ఆఫీసులో ఉంది, గులాబీ గౌను వేసుకుంది, అమ్మ పేరేమిటంటే "అమ్మ" అంటోంది, ఇలాంటివన్నీ ఆమే చెప్పేది. మెత్తని గొంతు. తొందర లేదు, తడబాటు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసరు ఆమెకు చెప్పిన మాట ఒకటే.

"ఏం చదివినా కంగారు లేకుండా చదవమ్మా. నువ్వు కంగారు పడితే ఊరు ఊరంతా కంగారు పడుతుంది."

ఆమె ఆ మాటను అక్షరాలా పాటించింది. చెత్తబండి వేళలు చెప్పినా, చావు కబురు చెప్పినా ఒకటే వరస. "ప్రజలకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి "కోరడమైనది" దగ్గర కాస్త సాగదీసి ఆపేది. బడిపిల్లలు ఆ సాగదీతను అనుకరిస్తూ ఆడుకునేవాళ్ళు. ఆమెకు అది విని నవ్వొచ్చేది.

మైకమ్మ పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి చెల్లెలు ఇంకా తన జడ తాను వేసుకోవడం రాని పిల్ల. దాన్ని పెంచి, కుట్టుపని నేర్పించి, టౌను బస్సు నడిపే ఒక నిదానస్థుడికి ఇచ్చి పెళ్ళి చేసేసరికి ఆమె వయసు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. చెల్లెలికి పిల్లల్లేరు. భార్యాభర్తలిద్దరూ కాలువ వీధిలో ఉండేవారు. ఇంటి ముందుగదే కుట్టుదుకాణం. కిటికీ కింద మిషను, గోడకు కొలతల టేపు, తాడు మీద వేలాడే సగం కుట్టిన బడి చొక్కాలు. ఆ కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభం మీదే ఒక లౌడుస్పీకరు.

చెల్లెలికి ఒక అలవాటు ఉండేది. స్తంభంలోంచి అక్క గొంతు వినిపించగానే మిషను తొక్కుతూనే జవాబు చెప్పేది. "రేపు నీళ్ళు రావు" అంటే, "బిందెలు నింపేశాలే అక్కా!" అనేది. పక్కింట్లో ఇస్త్రీ పనితో బతికే ఆవిడ పగలబడి నవ్వేది. ఆదివారం అక్క ఇంటికొస్తే చెల్లెలు ఆటపట్టించేది.

"అక్కా, నీ గొంతు వింటే నాకు నిద్రొస్తుందే. చిన్నప్పుడు జోకొట్టావు చూడు, అదే వరస. ఊళ్ళో ఇళ్ళు తగలబడుతున్నా నువ్వు మైకులో జోలపాటే పాడతావు."

"నోర్ముయ్. ఆఫీసరుగారు నన్ను మెచ్చుకునేదే దానికి."

"మెచ్చుకోరూ మరి? ఆయనా నిద్రపోతుంటాడుగా పాపం!"

మరిది పేపరు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకునేవాడు.

వానాకాలం వస్తే ఆమెకు ఇంకో పని తోడయ్యేది. వాతావరణ శాఖ నుంచి వచ్చే కబుర్లు చదవాలి. అవి రెండు రకాలు. ఒకదాని నెత్తిన "సూచన" అని ఉండేది, రెండోదాని నెత్తిన "హెచ్చరిక" అని. రెండింటికీ తేడా ఏమిటని ఆమె ఒకసారి ఆఫీసరును అడిగింది.

"సూచన అంటే వరద రావడానికి తగిన పరిస్థితులు ఉన్నాయని. రావచ్చు, రాకపోవచ్చు. ఓ కన్నేసి ఉంచి సిద్ధంగా ఉండాలి. హెచ్చరిక అంటే వస్తోందని, లేకపోతే వచ్చేసిందని. ఇక చూడ్డానికేం లేదు, కదలడమే" అని ఆయన చెప్పాడు.

ఆమెకు అర్థమైంది. ఇంత తేలిక విషయం తనొక్కదానికే తెలియలేదేమో, మిగతావాళ్ళందరికీ తెలిసే ఉంటుందనుకుంది. చెల్లెలితో కూడా ఆ ముక్క అనలేదు. వాళ్ళు మాట్లాడుకోవడానికి వేరే కబుర్లు బోలెడు ఉండేవి.

ఆ ఏడు సూచనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటి చివరా "కాలువను కనిపెట్టుకుని ఉండవలసిందిగా కోరడమైనది" అనే ఉండేది. మొదటిసారి విన్నప్పుడు కాలువ వీధి వాళ్ళు బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కించారు, పరుపులు చుట్టారు. కాలువ మామూలుగానే పారింది. పరుపులు మళ్ళీ విప్పారు. రెండోసారి డబ్బాలు మాత్రం ఎక్కించారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ ఎక్కించలేదు. వీధి చివర మంగలి షాపులో కూర్చున్నవాళ్ళు స్తంభం వైపు చూసి, "ఇదుగో, మళ్ళీ కోరుతున్నారు" అని నవ్వుకునేవారు.

వరద వచ్చిన రోజున ఊళ్ళో చినుకు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పల్చటి ఎండ కూడా కాసింది. వాన పడుతున్నది పైన, కొండల్లో. ఆఫీసుకు కబురు వచ్చింది. నెత్తిన "హెచ్చరిక" అని ఉంది. మైకమ్మ ఫ్యాను ఆపి, గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే చదివింది.

"ప్రజలకు విజ్ఞప్తి. ఎగువ ప్రాంతాలలో కురిసిన అతిభారీ వర్షాల కారణంగా ఆకస్మిక వరద హెచ్చరిక జారీ అయినది. లోతట్టు ప్రాంతాల ప్రజలు తక్షణమే సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళవలసిందిగా కోరడమైనది."

మళ్ళీ చదివింది. తర్వాత చెల్లెలికి ఫోను చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. విని బయల్దేరి ఉంటుంది, ఆ హడావుడిలో ఫోను ఇంట్లో వదిలేసి ఉంటుంది అనుకుంది. ఆఫీసరు వచ్చి ఆపకుండా చదువుతూ ఉండమన్నాడు. ఆమె చదువుతూనే ఉంది. చదువుతుండగానే కిటికీలోంచి కనిపించింది, మార్కెట్ రోడ్డు వెంట జనం చెప్పులు లేకుండా పైకి పరుగెత్తుకొస్తున్నారు. కొందరికి మోకాళ్ళ దాకా బురద. ఒకావిడ చంకలో పిల్ల, ఇంకో చేతిలో ఎందుకో చీపురు. ఆ జనంలో చెల్లెలి కోసం వెతుకుతూనే ఆమె అదే కాగితం, అదే గొంతుతో ఇంకోసారి చదివింది.

చెల్లెలు మర్నాడు ఉదయం దొరికింది. కాలువ వైపు గోడ కూలి ముందుగది మీద పడింది. మిషను, చొక్కాలు, మనిషి అన్నీ ఆ బురదలోనే. ఆ వీధిలో మరికొందరు కూడా పోయారు. వంతెన అవతల బస్సుతో సహా ఆగిపోయిన మరిది, నీళ్ళు తీసేదాకా ఇటు రాలేకపోయాడు. వచ్చాక ఏడవలేదు. గడపలో మేట వేసిన మట్టిని చేత్తో ఎత్తి పక్కన పోయడం మొదలుపెట్టాడు. ఎవరు ఆపినా ఆగలేదు.

ఆఫీసరు మైకమ్మ ఇంటికి వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని, "రాసింది రాసినట్టు చదివావు. వేళకే చదివావు. నీ తప్పు రవ్వంత లేదమ్మా" అన్నాడు. ఆమె తలూపింది. ఆ మాట ఆయన నిజాయితీగానే అన్నాడని ఆమెకు తెలుసు. అయినా ఆయన వెళ్ళిపోయాక ఆ కుర్చీ తీసి గది బయట పెట్టేసింది.

తన తప్పు లేకపోతే చెల్లెలు ఎందుకు కదల్లేదు? ఆమెను తినేసిన ప్రశ్న అదొక్కటే. అది చెవిటిది కాదు, మొండిది కాదు, తెలివితక్కువది అసలే కాదు. ఒకరోజు ఆమె పక్కింటి ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఆవేళ ఇస్త్రీ చేసిన బట్టలు ఇవ్వడానికి పై వీధికి వెళ్ళడం వల్ల బతికింది. అడిగితే ఇస్త్రీపెట్టెలో నిప్పులు కదపసాగింది.

"చెప్పు. దాని ఆఖరి మాట నీకే తెలుసు" అంది మైకమ్మ.

"ఏం చెప్పనమ్మా. నీ గొంతు వినపడింది. నేను మూట నెత్తిన పెట్టుకుంటున్నాను. మీ చెల్లెలు కిటికీలోంచి ఒకసారి కాలువ వైపు చూసింది. 'సరేలే అక్కా, చూస్తూనే ఉన్నా' అంది. మళ్ళీ మిషను తొక్కుకుంటోంది."

"చూస్తూనే ఉన్నా అందా?"

"అంతే కదమ్మా నువ్వెప్పుడూ చెప్పేది? కనిపెట్టుకుని ఉండమనే కదా. ఆవేళ వేరే ఏమన్నా చెప్పావా?"

మైకమ్మ అక్కడే ఇస్త్రీ బల్లకు ఆనుకుని కూలబడింది. ఇస్త్రీ ఆవిడకు ఏం చేయాలో తెలియక, మడత పెట్టిన దుప్పటి ఒకటి తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

తర్వాత మంగలి షాపులోనూ అడిగింది. మంగలి కత్తి తుడుస్తూ తలెత్తకుండానే చెప్పాడు. "రెండూ ఒకటే అనుకున్నామమ్మా. పోనీ, కోరడమైనది అన్నారు. కోరారు, బాగానే ఉంది. కోరినప్పుడల్లా చేస్తామా? పన్ను కట్టమని కూడా అలాగే కోరతారు."

దినకర్మలన్నీ అయ్యాక మరిది ఒకసారి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"వదినా, నాకు నీ మీద కోపం లేదు. దేవుడి మీద ఒట్టు. కానీ ఆ స్తంభంలోంచి నీ గొంతు వస్తే నేను మిగిలిన ఆ వెనక గదిలో కూడా ఉండలేకపోతున్నాను. రేపు కుళాయి రాదని చెప్తావు. అది జవాబు చెప్తుందేమోనని చూస్తాను."

ఆ వారంలోనే ఎవరో ఆ స్తంభం ఎక్కి లౌడుస్పీకరు తీగ కత్తిరించారు. ఎవరో అందరికీ తెలుసు. లైన్‌మన్ ఆఫీసుకొచ్చి ఫిర్యాదు రాయమంటారా అని అడిగితే ఆమె వద్దంది. కానీ ఆ తీగ అలా వదిలేయడానికీ లేదు. ఆ వీధిలో ఇంకా మనుషులున్నారు. మరిది ఇంటికి వెళ్ళి తలుపు బయటే నిలబడి చెప్పింది.

"తీగ కలపనివ్వయ్యా. స్పీకరు మూతి వీధి అటు చివరకు తిప్పిస్తాను, నీకు సరిగ్గా వినపడదు. నీ ఇంటికి చెప్పాల్సింది ఏదన్నా ఉంటే నేనే వచ్చి చెప్తాను."

కలిపిన తీగను మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

తీగ కలిపిన మర్నాడు ఆమె ఆఫీసరును ఒకటే అడిగింది. "ఈ మాటలు మారుద్దాం సార్. జనానికి ఎక్కడం లేదు."

"పైనుంచి వచ్చింది మారిస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుందమ్మా" అన్నాడాయన. లేచి తలుపు దగ్గరికి వేశాడు. "దాన్ని ఉన్నదున్నట్టు చదువు. కానీ దానికి ముందు నీ మాటల్లో నువ్వు ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నేను వినలేదనుకుంటాను."

కానీ మైకులో చెప్పడం ఒక్కటే చాలదని ఆమెకు తెలిసిపోయింది. సాయంత్రం ఆఫీసు అయ్యాక గుమ్మం గుమ్మానికీ వెళ్ళడం మొదలుపెట్టింది. కాలువ వీధితో మొదలుపెట్టి, పల్లంలో ఉన్న వీధులన్నీ తిరిగింది. కొందరు కూర్చోమన్నారు. కొందరు పాపం పిచ్చెక్కిందేమో అని జాలిగా చూశారు. ఆమె అందరికీ అదే చెప్పేది.

"సూచన అంటే సంచి సర్దిపెట్టుకోవడం. ముసలివాళ్ళ మందులు, కాగితాలు, ఓ టార్చిలైటు. సర్దుకుని మీ పని మీరు చేసుకోండి. పదిసార్లు సర్దినా వరద రాకపోవచ్చు, నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. హెచ్చరిక అంటే మాత్రం నడవడం. కాలువ వైపు చూడ్డం కూడా వద్దు. ఇక్కడ వానుందా లేదా అని అసలే చూడకండి. మెరక మీదున్న బడి మెట్లెక్కి పైకి వచ్చేయండి."

మంగలి నవ్వించబోయాడు. "సగం గడ్డం గీసినవాడు కుర్చీలో ఉంటే ఏం చెయ్యనమ్మా?"

"సగం గడ్డంతోనే నడిపించు. మిగతా సగం మెట్ల మీద గీద్దువు గాని."

షాపులో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది గానీ, చెల్లెలు ఉంటే దీనికి ఏమనేదో గుర్తొచ్చి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మరుసటి ఏడు వానల్లో ఒకరోజు ఉదయం మళ్ళీ హెచ్చరిక వచ్చింది. కాగితం చేతికి రాగానే ఆమె ఫ్యాను ఆపడం కూడా మర్చిపోయి మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"కాలువ వీధి వాళ్ళకు, పల్లంలో ఉన్నవాళ్ళందరికీ. ఇది సూచన కాదు. ఇది హెచ్చరిక. నీళ్ళు వస్తున్నాయి. చేతిలో పని వదిలేసి లేవండి. బడి మెట్ల వైపు నడవండి. ఇప్పుడే. ఇప్పుడే నడవండి."

జీవితంలో మొదటిసారి మైకులో ఆమె గొంతు పగిలింది. ఆఫీసరు పరుగున వచ్చాడు. ఆమె మైకు ఆయన చేతిలో పెట్టి, "మీరు చదవండి సార్, అలాగే అరవండి. నేను ఒక ఇంటికి వెళ్ళాలి" అని మెట్లు దిగిపోయింది.

వీధి నిండా జనం ఎదురొస్తున్నారు. పరుగెత్తడం లేదు, తొందరగా నడుస్తున్నారు. భుజాన సంచులున్నాయి. అందులో ఒకాయన నిజంగానే ఒక బుగ్గన సబ్బు నురగతో వస్తున్నాడు, వెనకే తువ్వాలు పట్టుకుని మంగలి. ఆమె వాళ్ళను దాటుకుని మరిది ఇంటి తలుపు బాదింది. అతను ముందురోజు ఆఖరి బస్సు నడిపి వచ్చి పడుకున్నాడు.

"లే. హెచ్చరిక వచ్చింది."

"నువ్వు వెళ్ళు వదినా" అన్నాడు లోపల్నుంచి. "నన్ను వదిలేయ్."

"వెళ్ళను. నువ్వు రాకపోతే ఈ గుమ్మంలోనే కూర్చుంటాను. ఎప్పుడొస్తావో నీ ఇష్టం."

అన్నంత పనీ చేసింది. కూర్చుంది. కాలువ చప్పుడు మారుతోంది. తలుపు తెరుచుకుంది. మరిది ఆమె వైపు చూడకుండా రెక్క పట్టుకుని లేపాడు. ఇద్దరూ బడి మెట్లెక్కారు.

వాళ్ళు పైమెట్టు చేరిన కాసేపటికి నీళ్ళు వీధిలోకి వచ్చాయి. కిటికీల దాకా లేచాయి. మంగలి కుర్చీ తేలుతూ పోయింది. ఎవరి ఇంట్లోది ఏది కొట్టుకుపోతోందో మెట్ల మీంచి చూస్తూ జనం ఘొల్లుమన్నారు. కానీ మనుషులందరూ మెట్ల మీదే ఉన్నారు. లెక్క చూసుకున్నారు, ఒక్కరూ తక్కువ కాలేదు. ఇస్త్రీ ఆవిడ వచ్చి మైకమ్మ చేతులు రెండూ పట్టుకుని, "నీ పుణ్యమేనమ్మా" అంది.

మైకమ్మ చేతులు విడిపించుకుని బడి వెనక నీళ్ళ ట్యాంకు చాటుకు వెళ్ళింది. అక్కడ గోడకు తల ఆనించి, చెల్లెలు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఇంత తేలికా? నాలుగు ముక్కలు. లేవండి, నడవండి. ఈ నాలుగు ముక్కలూ అప్పుడు నోట్లోంచి ఎందుకు రాలేదు?

మరిది వెతుక్కుంటూ వచ్చాడు. కాస్త దూరంలో నిలబడ్డాడు.

"పోయినేడు కూడా ఇలాగే అరిచి ఉంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"అనెయ్" అందామె. "నేను రోజూ అనుకునేదే. నీ నోటితో కూడా ఒకసారి అనెయ్."

అతను అనలేదు. పక్కనే ఉన్న కుళాయి తిప్పి, దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు. తర్వాత ఆమె కోసం కుళాయి అలాగే తిప్పి ఉంచి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అతను వేరే ఊరి డిపోకు బదిలీ చేయించుకున్నాడు. వెళ్ళేముందు వచ్చి చెప్పాడు, వెళ్ళాక చేరానని ఫోను చేశాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. వానలు మొదలైనప్పుడు మాత్రం ఆమె చేసేది. "మీ వైపు ఏమన్నా చెప్పారా?" అని అడిగేది. "సూచనే వదినా. సంచి సర్దుకున్నాను" అనేవాడు. అంతకుమించి ఇద్దరికీ మాటలు సాగేవి కావు. ఫోను పెట్టేయడానికీ ఇద్దరికీ మనసొప్పేది కాదు.

కాలువ వీధిలో ఆ ఇంటి గోడ మళ్ళీ కట్టారు. కొత్తగా పెళ్ళైన జంట అద్దెకు దిగింది. మైకమ్మ ఒక సాయంత్రం వాళ్ళ గుమ్మానికీ వెళ్ళింది. ఆ అమ్మాయి కుర్చీ వేసింది, శ్రద్ధగా విన్నది, అర్థం కానిచోట అడిగింది.

"అయితే సూచనకీ హెచ్చరికకీ ఇంత తేడా ఉందా ఆంటీ? మా ఊళ్ళో మాకెవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పరమ్మా. అందరికీ తెలుసనుకుంటారు."

"ఇక్కడ ముందు ఎవరుండేవాళ్ళు?"

"మా చెల్లెలు."

మైకమ్మ బడి మెట్లకు దగ్గరి దారి ఏదో చేత్తో చూపించి, చెప్పులు తొడుక్కుని పక్కింటికి వెళ్ళింది.